పంపు కొనే ముందు వాల్వు చూడండి: కారులో సెకండరీ ఎయిర్ వ్యవస్థ సర్వీసింగ్

చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0411 అనో పి2442 అనో కోడ్ వస్తుంది. మెకానిక్ చూసి ‘సెకండరీ ఎయిర్ పంపు పోయింది, మార్చాలి’ అంటాడు. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఎగ్జాస్ట్‌లోకి గాలిని తోసే పంపు అది. అమెరికాలో పాత ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, ఆడీ ఏ4, టయోటా టండ్రా, సెక్వోయా వంటి బండ్లు నడిపే తెలుగువారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే అవకాశం ఉంది. పంపు మార్చడం పెద్ద కష్టమేమీ కాదు. అది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగిస్తే మాత్రం, కొత్తదీ కొంతకాలానికి పాతదాని దారే పడుతుంది. చాలా సందర్భాల్లో పంపును పాడుచేసేది దాని తర్వాత ఉండే వాల్వు. అందుకే ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ఎక్కువ చోటు వాల్వుకే ఇచ్చాను.

అసలు ఇది చేసే పని

చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ కావాలంటే గాలిలో కలిసే పెట్రోలు ఎక్కువగా ఉండాలి. అందులో కొంత కాలకుండా హైడ్రోకార్బన్లుగా, కొంత సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తుంది. వీటిని శుభ్రం చేయాల్సిన కాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఈ లోగా వచ్చే పొగే మొత్తం ప్రయాణంలో అతి మురికి పొగ. అది మన గరాజ్ ముందు, పిల్లలు స్కూలుకు బయల్దేరే వేళ వస్తుంది. కొందరు ఈ వ్యవస్థనే తీసిపారేయమని సలహా ఇస్తుంటారు. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకించడానికి మొదటి కారణం ఇదే.

స్టార్ట్ చేయగానే ఒక విద్యుత్ పంపు బయటి గాలిని పీల్చి, ఎగ్జాస్ట్ వాల్వుల వెనక ఉన్న రంధ్రాల్లోకి తోస్తుంది. అక్కడి వేడిలో ఆ గాలి తగిలి, మిగిలిపోయిన ఇంధనం మండుతుంది. దానివల్ల విషవాయువులు తగ్గుతాయి, కన్వర్టర్ కూడా త్వరగా వేడెక్కుతుంది. సాధారణంగా అర నిమిషం నుంచి నిమిషంన్నర వరకు పంపు తిరిగి ఆగిపోతుంది. ఈ ఆలోచన పాతదే. 1966 మోడల్ కాలిఫోర్నియా కార్లలోనే జనరల్ మోటార్స్ ఇంజిన్ బెల్టుతో తిరిగే గాలి పంపును పెట్టింది. ఇప్పటి కార్లలో బెల్టు స్థానంలో మోటారు వచ్చింది, దాన్ని ఇంజిన్ కంప్యూటర్ నడుపుతుంది.

పంపుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య ఉన్న వాల్వుకు రెండు బాధ్యతలు. పంపు తిరిగేటప్పుడు తెరుచుకుని గాలిని పోనివ్వాలి. మిగతా సమయమంతా గట్టిగా మూసుకుని ఎగ్జాస్ట్ పొగను వెనక్కి రానివ్వకూడదు. ఎగ్జాస్ట్ పొగలో నీటి ఆవిరి చాలా ఉంటుంది. వాల్వు కొద్దిగా కారినా ఆ ఆవిరి గొట్టంలోంచి వెనక్కి పాకి, చల్లని పంపులో నీరుగా మారుతుంది. పంపు లోపలి చక్రం, బేరింగు తుప్పు పడతాయి. మిన్నెసోటా, మిషిగన్ వంటి చలి రాష్ట్రాల్లో ఆ నీరు రాత్రికి రాత్రే గడ్డకడుతుంది. తెల్లవారి స్టార్ట్ చేస్తే మోటారు తిరగలేక కరెంటును విపరీతంగా లాగుతుంది, ఫ్యూజు పోతుంది. మనకు కనిపించేది పోయిన ఫ్యూజు. జబ్బు మాత్రం వాల్వులో ఉంది.

మొదలుపెట్టే ముందు

మీ మోడల్ రిపేర్ మాన్యువల్, రియల్‌టైమ్ విలువలు చూపి భాగాలను నడిపించగల స్కానర్, మల్టీమీటర్, చేతితో నొక్కే వాక్యూమ్ పంపు, రాట్చెట్, సాకెట్లు, స్ప్రింగ్ క్లిప్పులు తీసే పట్టకారు, కొత్త గాస్కెట్లు, ఓ-రింగులు సిద్ధం చేసుకోండి. కోడ్ మాత్రమే చదివే చవక స్కానర్‌తో సగం పనే అవుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడీలకు వీసీడీఎస్, టయోటాలకు టెక్‌స్ట్రీమ్ వంటి స్కానర్ ప్రోగ్రాములు పంపును, వాల్వును విడివిడిగా ఆన్ చేయగలవు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాక్‌ను నమ్మకుండా స్టాండ్ల మీద నిలపండి. విద్యుత్ కనెక్టర్లు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. ఇంజిన్ నడిపి చూసే పరీక్షలన్నీ ఆరుబయటే చేయాలి. మూసిన గరాజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

డబ్బు పెట్టే ముందు ఒక ఫోన్ కాల్ చేయడం మంచిది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం పీజెడ్ఈవీ (చాలా తక్కువ కాలుష్యం వదిలే) తరగతి కార్లకు కాలుష్య నియంత్రణ భాగాలపై 15 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఉంటుంది. టయోటా కూడా కొన్ని టండ్రా, సెక్వోయా బండ్లకు ఈ భాగాలపై వారంటీని పొడిగించింది. చాలా బండ్లకు గడువు ముగిసే ఉంటుంది, అయినా కారు వీఐఎన్ (ఒక్కో కారుకు ఉండే ప్రత్యేక గుర్తింపు) నంబరు చెప్పి డీలర్‌ను అడగడంలో నష్టం లేదు.

మొదటి అడుగు: కోడ్‌ను జాగ్రత్తగా చదవండి

కోడ్‌ను వెంటనే చెరిపేయకండి. కోడ్‌తో పాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను రాసుకోండి. అప్పటి ఇంజిన్ ఉష్ణోగ్రత, వేగం అందులో ఉంటాయి.

పి0410 అంటే వ్యవస్థలో ఏదో లోపం ఉందని మాత్రమే. పి0411 అంటే గాలి రావాల్సినట్టుగా రావడం లేదు. పి0491, పి0492 అంటే ఒకటో బ్యాంకులో, రెండో బ్యాంకులో గాలి చాలడం లేదు. వీ ఆకారపు ఇంజిన్‌లో ఒకటో నంబరు సిలిండర్ ఉన్న వైపును ఒకటో బ్యాంకు అంటారు. పి0418 పంపు రిలే (పంపుకు కరెంటు అందించే స్విచ్) సర్క్యూట్‌ను సూచిస్తుంది, పి0412 వాల్వు సర్క్యూట్‌ను. పి2440, పి2442 అంటే ఒకటో, రెండో బ్యాంకు వాల్వులు తెరుచుకునే ఉండిపోయాయి. పి2441, పి2443 అంటే మూసుకునే ఉండిపోయాయి. పి2444 వస్తే పంపు ఆగడం లేదు, పి2445 వస్తే తిరగడం లేదు.

వీటిలో తెరుచుకుని ఉండిపోయిన వాల్వు కోడ్‌ను అత్యవసరంగా భావించండి. ఆ స్థితిలో నడిపే ప్రతి మైలూ వేడి పొగను, నీటి ఆవిరిని పంపులోకి పంపుతుంది. టయోటా ట్రక్కుల్లో ఈ లోపం వస్తే కంప్యూటర్ ఇంజిన్ శక్తిని బాగా తగ్గించేస్తుంది. హైవే మీద ఆ పరిస్థితి ప్రమాదకరం.

రెండో అడుగు: చెవితో వినండి

రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం బోనెట్ తెరిచి స్టార్ట్ చేయండి. పక్కన మరొకరు ఉంటే మంచిది. ఆరోగ్యంగా ఉన్న పంపు వాక్యూమ్ క్లీనర్‌లా సన్నగా, నిలకడగా మోగి నిమిషం అటూ ఇటూగా ఆగుతుంది.

చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, తీగలు, మోటారు చూడాలి. మూలుగు, గరగర వినిపిస్తే లోపల నీరో, తుప్పో చేరిందని అర్థం. చప్పుడు బాగానే ఉన్నా గాలి చాలడం లేదనే కోడ్ వస్తే గొట్టాలు, వాల్వు, సిలిండర్ హెడ్‌లోని గాలి దారులు అనుమానించాలి. ఇంజిన్ ఆపేసినా పంపు తిరుగుతూనే ఉంటే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఆ పంపు ఎక్కువసేపు తిరగడానికి తయారైనది కాదు కాబట్టి వెంటనే రిలేను పీకేయండి.

ఎండాకాలంలో, లేదా ఇంజిన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు పంపు తిరగకపోవడం లోపం కాకపోవచ్చు. ఏ ఉష్ణోగ్రతల మధ్య తిరగాలో ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా నిర్ణయిస్తారు.

మూడో అడుగు: కరెంటు దారి

ఈ మోటారు 30 ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. అందుకే 40, 50 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు ఉంటుంది. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది పెట్టి సంతోషపడకండి, అది ఎందుకు పోయిందన్నదే అసలు ప్రశ్న. ఫ్యూజు కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కరిగిన గుర్తులు, రిలే కాళ్ల మీద నల్లటి మచ్చలు ఉన్నాయేమో చూడండి.

తర్వాత పంపు కనెక్టర్ విప్పి, స్కానర్‌తో పంపును ఆన్ చేయించి వోల్టేజి చూస్తారు చాలామంది. 12 వోల్టులు కనిపిస్తాయి, పంపు తిరగదు, కాబట్టి పంపు పోయిందని తీర్మానిస్తారు. ఈ పరీక్ష నమ్మదగినది కాదు. సగం తెగిన తీగ, మాడిన రిలే కూడా కరెంటు లాగే భారం లేనప్పుడు 12 వోల్టులు చూపిస్తాయి. కనెక్టర్ దగ్గర 55 వాట్ల హెడ్‌లైట్ బల్బును కలిపి చూడండి. అది దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బల్బు మసకగా వెలిగితే తీగలోనో రిలేలోనో లోపం ఉంది.

పంపు తిరుగుతోంది గానీ నీరసంగా ఉందంటే, దాన్ని నడుపుతూనే వోల్టేజి ఎక్కడ పోతోందో కొలవండి. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వరకు అర వోల్టు కంటే ఎక్కువ పోకూడదు. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ వరకు ఇంకా తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే గ్రౌండ్ బోల్టు తీసి గరుకు కాగితంతో శుభ్రం చేసి బిగించండి. కొన్నిసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

నాలుగో అడుగు: పంపును దించి చూడటం

జెట్టాలాంటి కార్లలోని 1.8టి (1.8 లీటర్ల టర్బో) ఇంజిన్లలో పంపు ఇంజిన్ ముందు వైపు కింద ఉంటుంది. గొట్టాల చివర్లను రెండు పక్కలా నొక్కితే ఊడివచ్చే క్లిప్పులు పట్టి ఉంచుతాయి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి బలవంతంగా లాగకండి. నొక్కి పట్టి, మెల్లగా తిప్పుతూ తీయండి.

పంపు చేతికి రాగానే గాలి బయటికి వచ్చే ముఖాన్ని కిందికి వంచండి. నీళ్లు కారినా, తుప్పు రంగు చుక్కలు రాలినా, లోపల నల్లటి మసి కనిపించినా ఇక సందేహం అక్కర్లేదు. మీ వాల్వు కారుతోంది. పంపు ఇంకా తిరుగుతున్నా సరే, వాల్వు మార్చాలి. పొడిగా, శుభ్రంగా ఉండి కూడా తిరగకపోతే అది దాని వయసు తీరి పోయిందనుకోవచ్చు.

బయట పెట్టి పరీక్షించాలంటే పంపును గట్టిగా పట్టుకుని, మందపాటి తీగలతో, మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీకి కలపండి. కొన్ని సెకన్లు చాలు. సన్నటి తీగలు కాలిపోతాయి, పంపు కూడా గెంతుతుంది. పాత సామాను యార్డుల్లో దొరికే పంపులను నేను సిఫారసు చేయను. అవి ఎన్నాళ్లు వానలో ఉన్నాయో, ఎలాంటి వాల్వు వెనక పనిచేశాయో తెలియదు.

గాలి పీల్చే వైపు కూడా చూడాలి. కొన్ని పంపులు ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి శుభ్రమైన గాలి తీసుకుంటాయి. కొన్నిటికి తమ సొంత ఫిల్టర్ ఉంటుంది. అది స్పాంజి రకమైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలి లోపలికి వెళ్తుంది.

ఐదో అడుగు: గొట్టాలు

ముడతల ప్లాస్టిక్ గొట్టాలు ఎప్పుడూ మన కంటికి కనబడని కింది వైపే చీలుతాయి. అద్దం, టార్చి పెట్టి చూడండి, వేళ్లతో మొత్తం తడమండి. టేపు చుట్టిన గొట్టం ఎన్నాళ్లో ఆగదు, మార్చేయండి. అతుకుల దగ్గర ఓ-రింగు గట్టిబడి ఉంటే అది కూడా.

ఆరో అడుగు: వాల్వు

ఇక్కడ తొందర పడకండి.

వాక్యూమ్‌తో పనిచేసే వాల్వు 1.8టి వంటి ఇంజిన్లలో ఉంటుంది. వాక్యూమ్ లేనప్పుడు స్ప్రింగ్ దాన్ని మూసి ఉంచుతుంది. పంపు తిరిగేటప్పుడు ఒక చిన్న సోలెనాయిడ్ (విద్యుత్తుతో తెరుచుకునే చిన్న వాల్వు) వాక్యూమ్‌ను అందిస్తే తెరుచుకుంటుంది. పంపు నుంచి వచ్చే గొట్టం తీసి వాల్వులోకి నోటితో ఊదడానికి వీలుగా శుభ్రమైన గొట్టం ముక్క తగిలించండి. ఊదితే గాలి అస్సలు పోకూడదు. తర్వాత చేతి వాక్యూమ్ పంపును దాని సన్న గొట్టానికి తగిలించి 50–60 కిలోపాస్కల్ వరకు లాగండి. వాల్వు తెరుచుకోవాలి, ఊదితే గాలి స్వేచ్ఛగా పోవాలి. గేజి సూది ఒక నిమిషం పాటు కదలకుండా నిలవాలి. సూది జారిపోతుంటే లోపలి రబ్బరు పొర చిరిగింది. వాక్యూమ్ తీసేయగానే మళ్లీ గట్టిగా మూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వాల్వు మార్చాల్సిందే. తర్వాత వచ్చిన కొన్ని వాల్వులు పంపు గాలి ఒత్తిడికే తెరుచుకుంటాయి. వాటికి వాక్యూమ్ గొట్టం కనిపించకపోతే కంగారు పడవద్దు.

వాల్వు బాగుంటే దాని వరకు వాక్యూమ్ వస్తోందా అన్నది చూడాలి. సన్నటి రబ్బరు గొట్టాలు చివర్లలో పగులుతాయి, గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు మూసుకుపోతుంది, సోలెనాయిడ్ మొరాయిస్తుంది. స్కానర్‌తో సోలెనాయిడ్‌ను ఆన్ చేయిస్తే టక్కుమనే చప్పుడు వినాలి, ఇంజిన్ నడుస్తుండగా గొట్టం చివర వేలు పెడితే లాగుతున్నట్టు తెలియాలి. కొన్ని డాలర్ల రబ్బరు గొట్టం ముక్కతో పి0411 తీరిపోయే సందర్భాలు ఈ ఇంజిన్లలో అరుదేమీ కాదు. అందుకే ఖరీదైన భాగాలకంటే ముందు ఇది చూడాలి.

టయోటా ట్రక్కుల్లో వాల్వును విద్యుత్తే తెరుస్తుంది, దాని దగ్గర ఒత్తిడి సెన్సర్ ఉంటుంది. స్కానర్‌లో ముందు పంపును మాత్రమే ఆన్ చేయండి. ఒత్తిడి పెరగాలి. తర్వాత వాల్వును తెరిపిస్తే ఒత్తిడి పడిపోవాలి. ఇంజిన్ నడుస్తుండగా పంపు ఆపి, వాల్వు మూసి ఉన్నప్పుడు కూడా సెన్సర్ విలువ అదురుతూ ఉంటే ఎగ్జాస్ట్ తరంగాలు లోపలికి వస్తున్నాయని, అంటే వాల్వు మూసుకోవడం లేదని అర్థం. ఈ వాల్వులు కొన్ని మోడళ్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీస్తే గానీ చేతికి అందవు. అంత పని పెట్టుకున్నప్పుడు ఒక బ్యాంకుదే చెడినా రెండు వాల్వులూ మార్చడం మేలు. రెండోదీ అదే వేడిలో, అదే తడిలో అన్నేళ్లూ ఉన్నదే.

వాల్వును శుభ్రం చేసి వాడవచ్చా అని అడుగుతుంటారు. మసి ఎగ్జాస్ట్ వైపు మాత్రమే ఉంటే, లోహపు సీటును మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి పై పరీక్షలు మళ్లీ చేయవచ్చు. ద్రావకాలను లోపలికి చల్లకండి, రబ్బరు పొర పాడవుతుంది. మసి పంపు వైపుకు దాటి వచ్చి ఉంటే శుభ్రం చేయడం వృథా శ్రమ.

మన ఊళ్లలో తిరిగే చాలా పెట్రోలు బైకులకు ఇదే వ్యవస్థ పంపు లేకుండా ఉంటుంది. ఎగ్జాస్ట్ తరంగాల లాగుడుకే రీడ్ వాల్వు (ఒకవైపే తెరుచుకునే పలుచని రేకు) తెరుచుకుని గాలిని పీలుస్తుంది. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటమంటే అక్కడా ముందు వాల్వు, దాని గొట్టమే చూడాలి.

ఏడో అడుగు: హెడ్‌లోని దారులు

పంపు, గొట్టాలు, వాల్వు అన్నీ బాగుండి కూడా పి0491, పి0492 వదలకపోతే సిలిండర్ హెడ్‌లోని సన్నటి దారులు కార్బన్‌తో పూడిపోయి ఉంటాయి. ఆడీ 4.2 లీటర్ల వీ8, బీఎండబ్ల్యూ ఎన్62 వంటి ఇంజిన్లకు ఇది తెలిసిన జబ్బే. నూనె కాల్చే ఇంజిన్‌లో త్వరగా వస్తుంది. వాల్వు తీసి ఆ రంధ్రంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి చూస్తే ఎదురు నిలుస్తోందో లేదో తెలుస్తుంది. శుభ్రం చేయడానికి వంగే తీగను డ్రిల్లుకు తగిలించి ఒక్కో దారిలో తిప్పుతారు. ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మూసి ఉన్నప్పుడే చేయాలి, రాలిన కార్బన్‌ను పీల్చి తీయాలి. ఇది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం. ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: బిగింపు

కొత్త వాల్వు కూర్చునే చోట పాత గాస్కెట్ ముక్కలు లేకుండా గీకి తుడవండి. గాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వాడండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రాత్రే నూనె స్ప్రే కొట్టి ఉంచితే విరగకుండా వస్తాయి. బిగించేటప్పుడు మాన్యువల్‌లోని టార్క్‌ను (బిగింపు బలాన్ని) పాటించండి. ఇవి చిన్న బోల్టులు, అల్యూమినియం మరలు సులువుగా చెడతాయి. గొట్టాల్లో నీరు నిలిచి ఉంటే పూర్తిగా ఆరబెట్టాకే కొత్త పంపుకు కలపండి. పంపు రబ్బరు బుష్‌లు చీలి ఉంటే మార్చండి. లేకపోతే అదురుడు గొట్టాల అతుకుల మీద పడుతుంది.

వాల్వు స్థానంలో మూత పలక బిగించి, కంప్యూటర్‌ను మభ్యపెట్టే కిట్లు అమ్ముతుంటారు. అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ భాగాన్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం నిషిద్ధం. ఆ కారుకు కాలిఫోర్నియా స్మాగ్ (పొగ కాలుష్య) తనిఖీలో బోనెట్ కింద కంటితో చూసే పరీక్షలోనే తిరస్కారం ఎదురవుతుంది.

తొమ్మిదో అడుగు: పని అయిందని రుజువు

కోడ్‌లు చెరిపేయండి. ఇంజిన్ వేడెక్కి, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చురుగ్గా పనిచేస్తున్నప్పుడు స్కానర్‌తో పంపు, వాల్వు రెండింటినీ ఆన్ చేయించండి. సాధారణ రకం ముందు సెన్సర్ మామూలుగా 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది. గాలి లోపలికి వస్తే 0.1 దగ్గరికో ఇంకా కిందికో పడి అక్కడే నిలుస్తుంది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న కార్లలో మిశ్రమం పలచబడినట్టు లాంబ్డా (గాలి, ఇంధనాల పాళ్లను చూపే విలువ) పెరుగుతుంది. వీ ఇంజిన్లలో రెండు బ్యాంకులూ ఒకేలా స్పందించాలి. పంపు ఆపగానే విలువలు మళ్లీ మామూలు స్థితికి రావాలి.

ఇక కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్ పూర్తి కావాలి. అందుకు కారు రాత్రంతా నిలిచి పూర్తిగా చల్లబడాలి. ఉదయం స్టార్ట్ చేసి, పంపు ఆగేదాకా కదలకుండా రెండు నిమిషాలు వదిలి, తర్వాత మామూలుగా నడపండి. ఒక్క ఉదయంతో కాకపోతే మరికొన్ని ఉదయాలు ఇలాగే చేయండి. ఈ మధ్యలో బ్యాటరీ తీగ తీసినా, కోడ్ చెరిపినా మళ్లీ మొదటికి వస్తుంది. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇంధన ఆవిరి వ్యవస్థ మానిటర్ ఒక్కటే అసంపూర్తిగా ఉండవచ్చు. సెకండరీ ఎయిర్ మానిటర్ పూర్తి కాకపోతే స్మాగ్ తనిఖీలో పాస్ చేయరు. అందువల్ల స్కానర్‌లో అది పూర్తయినట్టు చూశాకే తనిఖీ కేంద్రానికి బయల్దేరండి.